మధ్యాహ్నం రెండింటికి ఎవరుంటారు

2024 జనవరి 2, మంగళవారం

గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లి దాకా వచ్చి ఆగిపోతుంది. ముందుకు ఇక పట్టాలు లేవు. 1907లో కట్టిన స్టేషను. రైల్వేవాళ్ళకి హైదరాబాద్ దక్కన్, ఊళ్ళోవాళ్ళకి నాంపల్లి. బదిలీ ఉత్తర్వు సంచిలో ఉంది. వేసవి సెలవుల్లోగా ఇల్లు చూసి అందరినీ తెచ్చుకోవాలి. అందరూ అంటే అత్తయ్యగారు, పదో తరగతి పరీక్షలు రాయబోతున్న మావాడు, కాలేజీలో ఈ ఏడాది పాఠాలు ముగించుకుని వచ్చే ఆయన.

బొగ్గులకుంటలో పిన్ని ఇంట్లో స్నానం చేసి నాంపల్లిలో ఆఫీసుకి నడిచాను. మధ్యాహ్నానికల్లా ఊరంతా పెట్రోలు గొడవ. ప్రమాదం చేసి పారిపోయిన డ్రైవరుకి పదేళ్ళ దాకా జైలు అని కొత్త చట్టంలో రాసినందుకు లారీలు, ట్యాంకర్లు ఆపేశారు. బంకులు ఖాళీ అవుతాయన్న మాట పుట్టింది, జనం బండ్లు వేసుకుని బారులు తీరారు. మా సెక్షన్లో హయత్‌నగర్ ఆయన, ఈసీఐఎల్ నుంచి వచ్చే ఆవిడ, శంషాబాద్ వైపు కుర్రాడు పర్మిషన్ పెట్టి క్యూలో నిలబడటానికి వెళ్ళారు. రాత్రి టీవీలో, చంచల్‌గూడలో ఒకబ్బాయి గుర్రమెక్కి భోజనం డెలివరీ ఇవ్వడానికి వెళ్తుంటే చూపించారు. కాచిగూడలో ఉండే మా సూపరింటెండెంటు గారు మాత్రం రోజూ వెళ్ళే వేళకే టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బస్‌స్టాపుకి నడిచారు. పెట్రోలు ఒక్కరోజు అనుమానమైతే చాలు, ఎవరి ఇల్లు ఎంత దూరమో తేలిపోతుంది.

జనవరి 4

ఆఫీసులో పేరు తరవాత అడిగే ప్రశ్న ఒకటే. "ఇల్లు ఎక్కడ చూస్తున్నారు?" నేను నోరు తెరిచేలోపే ఎవరి పేట వాళ్ళు చెప్పేస్తారు. వనస్థలిపురంలో గాలి బాగుంటుంది. మియాపూర్‌లో మెట్రో మొదలు కాబట్టి సీటు దొరుకుతుంది. అల్వాల్ ప్రశాంతం. ఇరవై ఏళ్ళ అప్పు నెత్తిన పెట్టుకుని కొన్న చోటు గురించి తక్కువ చేసి మాట్లాడటం ఎవరికైనా కష్టమే.

అందుకని ఇవాళ ప్రశ్న మార్చాను. "అక్కడికి మారిన మొదటి ఏడాది ఏం ఇబ్బంది పడ్డారు?" దానికి అందరూ నిజం చెప్పారు. వేసవిలో నీళ్ళ ట్యాంకరు. పిల్ల బడి బస్సులో గడిపే సమయం. ఒకాయన కాసేపాగి అన్నాడు: "మా అమ్మ ఉండలేక ఊరెళ్ళిపోయిందండీ."

జనవరి 5

కోఠీ నుంచి బస్సు. మొన్న డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. కండక్టరమ్మ నా కార్డు తిప్పి చూసి, "రాజమండ్రిది నడవదమ్మా, అడ్రసు మార్పించుకో" అని డబ్బులు తీసుకుంది. మాటలో విసుగు లేదు. పక్కనున్న పూలమ్మి, "కిరాయి కాగితం తీస్కపోతే మార్చిస్తరు" అని దారి కూడా చెప్పింది. ఆమె రోజూ గుడిమల్కాపూర్ మార్కెట్టు నుంచి పూలు తెచ్చి ఆబిడ్స్‌లో అమ్ముతుందట. బస్సు చార్జీ మిగిలినప్పటి నుంచి ఇంకాస్త దూరంలో, ఇంకాస్త పెద్ద గది తీసుకోవాలని చూస్తోంది. జేబులోంచి వెళ్ళే చార్జీ తగ్గితే మనిషి ఉండగల చోటు విశాలమవుతుంది. ఇళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు ఈ లెక్క కట్టగా నేను వినలేదు.

జనవరి 7, ఆదివారం

ఆబిడ్స్‌లో ఆదివారం షట్టర్లు దిగి ఉంటాయి, వాటి ముందు పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. జనరల్ పోస్టాఫీసు నుంచి ఇవతలికి నడుస్తుంటే ఇంజనీరింగు గైడ్లు, వారపత్రికల సీరియళ్ళు విప్పి కుట్టించిన బౌండు పుస్తకాలు, ఉర్దూ నవలలు. హైదరాబాదు పాత పటం ఒకటి దొరికింది. మడతల దగ్గర చిరిగింది, ఏ ఏడాదిదో లేదు. అందులో పడమటి వైపు ఎర్రగడ్డతోనే ఊరు అయిపోయింది. మా ఆఫీసువాళ్ళు మెచ్చుకునే పేటల్లో సగం ఆ కాగితం అంచుకి బయటే ఉన్నాయి. కొని తెచ్చాను. పిన్ని బంగాళాదుంపలు తరుగుతూ, "అప్పుడు ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి ఒక్కటేనే, అటు ఎవరు వెళ్ళేవాళ్ళు" అంది.

జనవరి 10, బుధవారం

పొద్దున్న నాంపల్లి స్టేషన్లో చెన్నై నుంచి వచ్చిన చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఆగాల్సిన చోట ఆగక, పట్టాల చివరి గోడకి తగిలింది. బోగీలు పట్టాలు తప్పాయి. కొద్దిమందికి దెబ్బలు తగిలాయి, ప్రాణాలకి ముప్పు లేదు. చాలామంది సికింద్రాబాద్‌లో దిగిపోయి ఉండటం వల్ల రైల్లో జనం పల్చగా ఉన్నారు. లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో లింగంపల్లి నుంచి మా ఆఫీసుకి వచ్చే అమ్మాయి మధ్యాహ్నం అవుతుండగా వచ్చింది. ఆయన ఫోన్ చేసి, "నువ్వు ఆ స్టేషన్ పక్కనే కదా" అన్నారు. పక్కనే, కానీ లోపల లేను. ఈ పూట ఇంతే రాయగలను.

జనవరి 12

రేపు సంక్రాంతికి ఊరెళ్ళాలి. ఇవాళ రాత్రి బాబాయి చాలాసేపు మాట్లాడారు.

కర్నూలు మూడేళ్ళు రాజధాని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అక్కడి ఆఫీసులన్నీ ఫైళ్ళతో సహా హైదరాబాదు కదిలాయి. బాబాయికి అప్పుడు ఆరేళ్ళు. వాళ్ళ నాన్నగారు గుమాస్తా. ముందు తనొక్కరే వచ్చి ఆబిడ్స్ దగ్గర ఇంకో ఇద్దరితో కలిసి గది తీసుకున్నారు. కర్నూల్లో కొందరికి ఆఫీసులే గుడారాల్లో ఉండేవి కాబట్టి ఇరుకు గది కొత్తేం కాదు. భాష కొత్త. బజారులో ఉర్దూ, కాగితాల్లో ఉర్దూ, బడుల్లో ఎక్కువ చోట్ల ఉర్దూ.

"నాన్నగారు ఇల్లు వెతకలేదే. బడి వెతికారు," అన్నారు బాబాయి. నారాయణగూడలో 1928 నుంచి మాడపాటి హనుమంతరావు గారి బాలికల పాఠశాల ఉంది. తెలుగులో చదువు చెప్తే అనుమతి ఇవ్వని రోజుల్లో నిలబెట్టిన బడి. మగపిల్లలకి కేశవ్ మెమోరియల్, అదీ అక్కడే, 1940లో పెట్టింది. అక్కచెల్లెళ్ళు ఇద్దరు, తను ఒకడు. మూడు ఫీజులు, మూడు నడకలు. ఆ రెండు బడుల మధ్యలో రెండు గదుల పోర్షన్ దొరికేదాకా ఆయన భార్యాపిల్లల్ని కర్నూలు నుంచి కదపలేదు. ఆఫీసుకి ఆయన సైకిలు తొక్కారు. పిల్లలు నడిచారు.

నన్ను ఈ మాట పట్టుకుంది. నారాయణగూడ, హిమాయత్‌నగర్, చిక్కడపల్లి తెలుగువాళ్ళ పేటలు ఎలా అయ్యాయంటే, అక్కడ ముందు తెలుగు బడి ఉంది, గ్రంథాలయం ఉంది. 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం సుల్తాన్ బజారులో ఇప్పటికీ నడుస్తోంది. జిల్లాల నుంచి చదువుకి వచ్చే పిల్లల కోసం 1918లో మొదలైన రెడ్డి హాస్టలు ఇక్కడికి నాలుగు అడుగులే. ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ ఆబిడ్స్‌లో కొట్టు పెట్టాడు. దేశం చీలినప్పుడు సింధు నుంచి వచ్చినవాళ్ళు మొజంజాహీ మార్కెట్టు దగ్గర 1953లో కరాచీ బేకరీ తెరిచారు. పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు దిగి నిలదొక్కుకున్న చోటు ఇది. నిలదొక్కుకున్నాక చాలామంది ఇంకో పేటకి వెళ్ళిపోయారు.

ముల్కీ నిబంధనల సంగతి కూడా చెప్పారు. పదిహేనేళ్ళు ఇక్కడ కాపురం ఉంటేనే స్థానికుడి లెక్క. 1952లోనూ 1969లోనూ ఊరు అట్టుడికినప్పుడు ఆ కోపం గాలికి పుట్టింది కాదు. ఇక్కడి పిల్లలకి రావలసిన ఉద్యోగాలు బయటివాళ్ళు పట్టుకుపోతుంటే వచ్చిన కోపం. "మా పక్కింటాయన తెలంగాణవాడు. అరవై తొమ్మిదిలో బయట గొడవలవుతుంటే మమ్మల్ని వాళ్ళింట్లో పడుకోబెట్టుకున్నాడు. తనూ ఊరేగింపులకి వెళ్ళేవాడు. రెండూ నిజమే," అన్నారు బాబాయి. పేటని ఎంచుకోవడమంటే పక్కింటివాళ్ళని ఎంచుకోవడమూ అని ఆయన అనలేదు. నేను రాసుకుంటున్నాను.

జనవరి 21, ఆదివారం

కేపీహెచ్‌బీ కాలనీ. నాంపల్లి నుంచి మెట్రోలో అరగంట దాటింది. మేనమామ కొడుకు వాళ్ళింట్లో భోజనం: గోంగూర, పులస దొరకని రోజుల్లో దొరికే చేప, కాకినాడ నుంచి తెప్పించిన కాజాలు. మెట్లు దిగితే కింద కొట్టువాడిది తణుకు, ఇస్త్రీ బండి అతనిది పెద్దాపురం. నిజంగా మన ఊరే. అత్తయ్యగారికి ఇక్కడ మాటకి లోటు ఉండదని అనిపించింది.

ఈ కాలనీ కట్టించిన హౌసింగ్ బోర్డు ఆఫీసు మా ఆఫీసుకి దగ్గర్లోనే ఉంది, గృహకల్పలో. దాని వెనక ఇంకో చరిత్ర. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది పోయాక, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు వాడలు తీసేసి, గాలి వెలుతురు వచ్చే ఇళ్ళు కట్టించి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. తక్కువ జీతగాడికి ఇల్లు చూపించడం సర్కారు బాధ్యత అనుకున్న కాలం అది. ఆ తోవలోనే తరవాత హౌసింగ్ బోర్డు వచ్చింది, ఈ కాలనీ వచ్చింది. ఎంఐజీ (మధ్య ఆదాయం), ఎల్ఐజీ (తక్కువ ఆదాయం) అని ఇప్పటికీ ఇళ్ళకి పేర్లు. ఆ ఇళ్ళని పడగొట్టి ఐదంతస్తులు లేపారు, అద్దె మాత్రం ఎల్ఐజీ మనిషికి అందే స్థితిలో లేదు. ఇల్లు చూపించే పని మళ్ళీ సర్కారు చెయ్యాలి. నేను ఆ మాట మీదే ఉన్నాను.

ఎండలు ముదరకముందే రెండు వీధుల్లో ట్యాంకర్లు కనిపించాయి. మా వదిన, "కంగారు పడకు, మాకు మంజీరా వస్తుంది" అంది. వచ్చేది కృష్ణ అయినా గోదావరి అయినా ఇక్కడ కుళాయి నీళ్ళన్నీ మంజీరాయే.

జనవరి 22

రాత్రి అక్కడే పడుకుని పొద్దున్న మెట్రోలో ఆఫీసుకి వచ్చాను. ఆడవాళ్ళ పెట్టెలో అమీర్‌పేట దాకా చెయ్యి కదపడానికి లేదు. అమీర్‌పేటలో పెట్టె సగం ఖాళీ అయింది. అందరూ హైటెక్ సిటీ రైలుకి మారారు. అక్కణ్ణించి నాంపల్లి దాకా కూర్చుని వచ్చాను.

జనవరి 27, శనివారం

ఆఫీసు పక్కనే ఉంటే? ఇవాళ రెడ్ హిల్స్, మల్లేపల్లి, బజార్‌ఘాట్ తిరిగాను. ఇళ్ళు లేకేం, ఉన్నాయి. మల్లేపల్లిలో ఒక పెద్దావిడ పెద్ద వరండా ఉన్న ఇల్లు చూపించి, చాయ్ ఇచ్చి, "మీ అత్తగారికి మెట్లు లేవు, చూడండి" అని ఉర్దూలోనూ తెలుగులోనూ కలిపి చెప్పింది. మూడు నెలల్లో కొడుకు దుబాయి నుంచి వస్తే ఖాళీ చెయ్యాలి, అదొక్కటే.

బజార్‌ఘాట్‌లో టు-లెట్ బోర్డు చూసి పైకి వెళ్ళబోతూ కింది అంతస్తు చూశాను. అట్టపెట్టెలు, డబ్బాలు, తాళం. ఏం పెట్టారని అడిగితే వాచ్‌మన్‌కి తెలీదు. నిరుడు నవంబరు 13న ఇదే బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింద నిలవపెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిదిమంది చనిపోయారు. పైన కాపురాలు, కింద గోడౌను. పైవాళ్ళు చేసిన తప్పంటూ ఏమీ లేదు, అద్దె కట్టి నిద్రపోవడం తప్ప. పాత పేటల్లో ఇల్లు చూసేవాళ్ళు గదుల కొలతలు తరవాత చూడొచ్చు. ముందు కింద ఏముందో తాళం తీయించి చూడాలి. తీయనంటే వెనక్కి తిరగాలి. నేను తిరిగాను.

ఫిబ్రవరి 3

నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఎగ్జిబిషను. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా అని లెక్క. సాయంత్రం గాంధీభవన్ స్టేషను మెట్లు జనంతో నిండిపోయి, కిందికి దిగడానికి రైలు ప్రయాణమంత సేపు పట్టింది. ఆఫీసుకి దగ్గరగా ఉంటానంటే ఏడాదిలో ఈ నెలన్నర కూడా ఒప్పుకోవాలి.

అత్తయ్యగారికి శాలువా బేరం చేస్తూ కాశ్మీరు కుర్రాణ్ణి అడిగాను, ఇన్నాళ్ళు ఎక్కడ ఉంటావని. వాళ్ళ నాన్న కాలం నుంచి నాంపల్లిలో ఒకే ఇంటి మేడమీది గది. ఇంటావిడ పోయింది, కోడలు ఇస్తోంది. "అద్దె ముందే మాట్లాడుకోం, వెళ్ళేటప్పుడు ఇస్తాం" అన్నాడు. శాలువా ధర వంద తగ్గించాడు.

ఫిబ్రవరి 11, ఆదివారం

అత్తయ్యగారిని తీసుకొచ్చాను. డెబ్భై మూడేళ్ళు, మోకాళ్ళు సహకరించవు, చెవులు చక్కగా పనిచేస్తాయి. "మీరంతా తొమ్మిదింటికి పోతారు. ఉండేది నేను. నాకు చూపించకుండా ఎలా తీసుకుంటారు?" అని ఫోన్లో అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఇన్నాళ్ళూ నేను చూసిందంతా సెలవు రోజుల్లో, అందరూ ఇంట్లో ఉన్నప్పుడు.

ఆవిడ ఇంకో మాట అన్నారు: "ఆదివారం ఏ వీధైనా బాగానే ఉంటుంది. పనిరోజు మధ్యాహ్నం రెండింటికి ఎవరుంటారో అప్పుడు చూడాలి అమ్మాయ్."

ఫిబ్రవరి 14, బుధవారం

హాఫ్ డే సెలవు. చైతన్యపురి. మెట్రో స్టేషను నుంచి ఆటోలో వెళ్ళాం. అపార్ట్‌మెంటు కొత్తది, లిఫ్టు ఉంది, మూడో అంతస్తులో టూ బీహెచ్‌కే, బాల్కనీలోకి ఎండ. నాకు నచ్చింది. అత్తయ్యగారు కారిడార్‌లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నాలుగు తలుపులు, నాలుగింటికీ తాళాలు. కింద వాచ్‌మన్ భార్య ఒక్కతే గిన్నెలు తోముకుంటోంది. అరగంటలో కొరియర్ కుర్రాడొకడు వచ్చి, పార్సిలు వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళాడు.

"ఇక్కడ నేను పడిపోతే సాయంత్రం ఆరింటికి తెలుస్తుంది," అన్నారావిడ. కోపంగా కాదు, లెక్కగా.

దిగాక ఇస్త్రీ అతన్ని 2020 అక్టోబరు సంగతి అడిగాను. ఆ వానకి సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అతను బండి పక్కన గోడ మీద చెయ్యి పెట్టి, "మా అన్న ఇంట్ల ఇంతదాకా," అని నడుము ఎత్తు చూపించాడు. ఈ వీధికి రాలేదట, దిగువ వీధులకి వచ్చిందట. బ్రోకరు ఈ విషయం ఎత్తలేదు. చెరువు ఎటుందో, నీళ్ళు ఎటు పారతాయో తెలుసుకోకుండా ఈ ఊళ్ళో గ్రౌండ్ ఫ్లోరు తీసుకోకూడదు. ఇస్త్రీ వాళ్ళు, పాలవాళ్ళు చెప్పగలరు.

ఫిబ్రవరి 22

ఇళ్ళ ప్రకటనలు ఏది చూసినా హైటెక్ సిటీకి ఇన్ని నిమిషాలు, గచ్చిబౌలికి ఇన్ని నిమిషాలు. అటువైపు ఉద్యోగం లేనివాళ్ళకి ఈ ఊళ్ళో కొలబద్దే లేదు. నాంపల్లిలో కోర్టులున్నాయి, కోఠీలో బ్యాంకులున్నాయి, ఉస్మానియా ఆసుపత్రిలో నర్సులున్నారు, ట్రూప్ బజారులో గుమాస్తాలున్నారు. వాళ్ళూ ఎక్కడో ఒకచోట ఇల్లు వెతుక్కుంటూనే ఉన్నారు.

మార్చి 6

నిన్న సనత్‌నగర్–మౌలాలి మార్గంలో కొత్త ఎంఎంటీఎస్ మొదలైంది. సైనిక్‌పురి వైపు నుంచి వచ్చే సహోద్యోగి సంతోషించి, అంతలోనే నీరసించారు: అది లింగంపల్లి పోతుంది, నాంపల్లికి రాదు.

మార్చి 13, బుధవారం

నల్లకుంట. శంకరమఠం దాటి లోపలికి, పాత కాలనీ. పిన్నికి తెలిసినావిడ చెప్పిన ఇల్లు. ఆటో దిగేసరికి రెండూ పది. ఎండ మండిపోతోంది, అయినా వీధిలో మనుషులున్నారు. ఎదురింటి అరుగు మీద ఒకావిడ అప్పడాలు ఆరబెట్టుకుంటోంది. పక్క వాటాలో కుట్టుమిషను చప్పుడు. రిటైరైన పంతులుగారొకరు గేటు దగ్గర పేపరు చదువుతూ, మేం తలెత్తి చూసేలోపే "ఎవరింటికండీ?" అన్నారు. కొందరికి ఈ ప్రశ్న చిరాకు. అత్తయ్యగారి ముఖం విప్పారింది.

గ్రౌండ్ ఫ్లోరు, రెండు గదులు, వంటిల్లు, వెనక జామచెట్టు. గోడకి రెండుచోట్ల చెమ్మ ఉంది. వంటింట్లో గట్టు పొట్టిది. రోజు విడిచి రోజు కుళాయి, సంపు ఉంది, కరెంటు మీటరు వేరే. అద్దె పధ్నాలుగు వేలు, రెండు నెలల అడ్వాన్సు. వానాకాలంలో నీళ్ళ సంగతి ఇంటావిడని అడిగాను, తరవాత పాలబూతులో విడిగా అడిగాను. రెండుచోట్లా ఒకే మాట, వీధి చివర నిలుస్తాయి, ఇంత దూరం రావు.

ఇంటావిడ మాది ఏ ఊరని అడిగింది. ఆవిడది జనగామ దగ్గర. భర్త ఉద్యోగరీత్యా నలభై ఏళ్ళ కిందట వచ్చారట. "వచ్చినప్పుడు నేనూ రెణ్ణెల్లు ఏడ్సిన," అంది. అత్తయ్యగారూ ఆవిడా మోకాళ్ళ నూనె దగ్గర మొదలుపెట్టారు. నేను వెనక్కి వెళ్ళి బాత్‌రూమ్ గోడకి పట్టుకోవడానికి కడ్డీ వేయించుకోవచ్చా అని కొలుస్తుంటే వాళ్ళ మాటలు జామచెట్టు దాకా వినిపిస్తున్నాయి.

ఆఫీసుకి బస్సు, మధ్యలో కోఠీ. లేదంటే నారాయణగూడ దాకా వచ్చి మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారాలి. కేపీహెచ్‌బీ నుంచి వచ్చినంత సుఖం కాదు. ఫీవరాసుపత్రి దగ్గర. మావాడికి నారాయణగూడ, హిమాయత్‌నగర్ వైపు కాలేజీలు.

మార్చి 17, ఆదివారం

ఆయనతో ఫోన్లో పెద్ద వాదన. ఆయన కూకట్‌పల్లి అంటారు. "నాకు ఉద్యోగం దొరికేది అటువైపే. కార్పొరేట్ కాలేజీలన్నీ అక్కడే ఉన్నాయి. నల్లకుంట నుంచి రోజూ రెండు గంటలు రోడ్డు మీద ఉండమంటావా?"

న్యాయమే. నేను దాటెయ్యలేదు. చెప్పింది ఇది: "ఏవండీ, మీకు ఉద్యోగం ఎక్కడో ఇంకా తెలీదు. నాది నాంపల్లి అని తెలుసు. అత్తయ్యగారిది ఇల్లు అని తెలుసు. తెలిసినవాళ్ళని బట్టి ఇప్పుడు తీసుకుందాం. మీది తేలాక మళ్ళీ కూర్చుందాం, అగ్రిమెంటు పదకొండు నెలలే."

"మళ్ళీ మారడమంటే అమ్మని మళ్ళీ కదపాలి."

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఆయన దగ్గరా లేదు. ఇంతలో అత్తయ్యగారు ఫోను అందుకున్నారు. "ఒరే, మీ నాన్న రైల్వేలో చేసినన్నాళ్ళూ ఆయన ఎక్కడంటే అక్కడికి పెట్టె సర్దాను. సామర్లకోట, తుని, బిట్రగుంట. ఏ ఊళ్ళోనూ ఇల్లు నేను చూసింది లేదు. ఇది నేను చూశాను." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అద్దె ఎంతని అడిగారు.

ఆయన తిరుగుడు భారం చిన్నది కాదు. వారానికి ఆరు రోజులు, రోజుకి రెండు గంటలు పోతే మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే. ఆ బాధ వస్తే ఇద్దరం పంచుకోవలసిందే. అయినా, రోజుకి ఇరవైనాలుగు గంటలూ ఆ వీధిలోనే గడిపే మనిషికి చివరి మాట ఇవ్వాలని నా నమ్మకం. ఊరు మారిన ఇళ్ళలో ముసలివాళ్ళ సంగతి ఆఖరున చూస్తారు. వాళ్ళేమో మొదటి నెలలోనే తిరుగు టికెట్ అడుగుతారు.

మార్చి 23

అడ్వాన్సు ఇచ్చాం. బాబాయి సాక్షి సంతకం పెట్టారు. ఇంటావిడ అగ్రిమెంటులో బయటి నల్లా అందరూ వాడుకోవాలని రాయించింది, నేను బాత్‌రూమ్‌లో కడ్డీ వేయించుకుంటామని రాయించాను. సున్నం ఆవిడ ఖర్చు, వంటింటి గట్టు ఎత్తు చేయించడం మాది.

ఏప్రిల్ 4

మావాడి పరీక్షలు మొన్న ముప్పయ్యోతేదీతో అయిపోయాయి. ఫోన్లో వాడు అడిగింది ఒక్కటే, ఆబిడ్స్ పుస్తకాలకి ఎంత దూరమని. ఒక బస్సు అన్నాను.

ఉగాది మంగళవారం, ఆరోజే పాలు పొంగించమన్నారు అత్తయ్యగారు. లారీవాడు ఆదివారం రాత్రి రాజమండ్రిలో ఎక్కిస్తే సోమవారం మధ్యాహ్నానికి దింపుతానన్నాడు. నల్లకుంట సందులోకి పెద్ద లారీ రాదు, పంతులుగారి గేటు దగ్గర నిలిపి ట్రాలీలో మోయాలి. ఆయన్ని ముందే అడిగాను, స్కూటరు తీసి లోపల పెడతానన్నారు. గ్యాస్ కనెక్షను మార్పు కాగితం ఆయన తేవాలి. మావాడి టీసీ. అత్తయ్యగారి బీపీ మాత్రలు నెలకి సరిపడా. రోలు వద్దన్నాను, ఆవిడ ఒప్పుకోలేదు, తెస్తున్నాం.